పరలోకానికి పీపీ కాల్

పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు బెల్లం మండీ షావుకారు మద్రాసుకు ట్రంకు కాల్ బుక్ చేశాడు. రోజూ చేసేవాడే. నంబరు చెప్పాడు. నేను చీటీ మీద రాసుకొని, సరిచూసుకోవడానికి ఆ నంబరు తిరిగి చదివాను. చదివి, చివర "ఆమేన్" అన్నాను.



"ఏమంటివి పాపా?" అన్నాడు షావుకారు.

"మద్రాసు బుక్ అయిందండీ."

"అది కాదు. దాని తర్వాత ఇంకేమో అంటివే."

"ఏమీ లేదండీ."

"అంటివి. నేను ఇంటిని గదా. మద్రాసులో ఎవురన్నా పోయినారా యేంది?"

పక్క కుర్చీలో ఉన్న సీనియర్ ఆపరేటరు నవ్వు ఆపుకోలేక హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమెను అందరం అక్క అనేవాళ్ళం. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది. గత నెల ఆమె పోయింది. ఆమె పోయాక ఈ సంగతి తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే రాస్తున్నాను.

మీలో చాలామంది ట్రంకు కాల్ చూసి ఉండరు. చిత్తూరు దగ్గర ఒక చిన్న ఊళ్ళో మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి. రెండు బోర్డులు, ఒక గోడ గడియారం, ఒక సూపర్‌వైజరు. ఊళ్ళో ఎవరైనా ఫోనెత్తితే బోర్డు మీద వారి నంబరు దగ్గర చిన్న రేకు మూత కిందికి పడేది. మేము తీగ తగిలించి "నంబర్ ప్లీజ్" అనేవాళ్ళం. పొరుగూరికి మాట్లాడాలంటే చీటీ రాసుకొని, లైను దొరికినప్పుడు కలిపేవాళ్ళం. మూడు నిమిషాలకొకసారి లైన్లోకి వచ్చి, "మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?" అని అడగాలి. డెబ్భైల చివర్లో నాకు ఇరవై మూడేళ్ళు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. సూపర్‌వైజరు రాసే రిపోర్టు మీద అది ఆధారపడి ఉండేది. నాయన మిషను బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఇంటికి నా జీతమే దిక్కు.

ఆ ఏడు చిత్తూరులో మా క్రైస్తవ సంఘాల ఉజ్జీవ కూటాలు మూడు రోజులు జరిగాయి. చివరి రోజు ప్రసంగీకుడు, రేపటి నుంచి మనుషులతో మాట్లాడకముందు ఒక గంటసేపు దేవునితో మాట్లాడతామని తీర్మానించుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నాడు. నేను ఎత్తాను. కళ్ళ నీళ్ళతోనే ఎత్తాను, అందులో అబద్ధం లేదు. మా సంఘం పాస్టరుగారు పేర్లు రాసుకున్నారు. నలభై రోజుల తర్వాత గుళ్ళో అందరి ముందు సాక్ష్యం చెప్పాలన్నారు. ఇంటికొచ్చేలోపల నాయన బస్సులో ఇద్దరికీ, దిగినాక ముగ్గురికీ చెప్పాడు, "మా పాప గంట" అని.

నేను ఆలోచించని విషయం ఒకటుంది. నా డ్యూటీ ఆరు గంటలకు. అయిదూ ఇరవైకి బస్సు. అంటే నాలుగింటికి లేవాలి.

లేచాను. మంచం పక్కన మోకరించి తల పరుపు మీద ఆనించాను. పరుపు మీద తల ఆనిస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. రెండో రోజు నాయన సలహా మీద నిలబడి ప్రార్థించాను. నిలబడే నిద్రపోయి బియ్యం డబ్బాను గుద్దుకున్నాను. మూడో రోజు చన్నీళ్ళు పోసుకున్నాను. నిద్ర పోయింది. గొంతు కూడా పోయింది. గొంతు లేని టెలిఫోన్ ఆపరేటరు, కళ్ళు లేని డ్రైవరు ఒకటేనని అక్క రెండు రోజులు మిరియాల కషాయం పోసింది.

గదిలోకి పోయి తలుపు వేసుకొని ప్రార్థించాలంటారు. మా ఇంటికున్నదే ఒక గది. ఆ గదిలో నాయన అప్పటికే గట్టిగా ప్రార్థిస్తూ ఉండేవాడు. సంఘం, ప్రభుత్వం, వానలు, చుట్టాలు, వరస తప్పేవాడు కాదు. ఐరాలలో ఉన్న మా మేనత్త కుడి మోకాలి దగ్గరికి వచ్చేసరికి తెల్లవారేది. ఆ మోకాలు దాటి నేనెప్పుడూ మెలకువగా పోలేకపోయాను.

గంట పూర్తి కాని రోజు ఏం చేయాలి? నాకు నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. మనుషులతో మాట్లాడకముందు అన్నారు గదా. మాట్లాడకుండా ఉంటే సరిపోతుంది. బస్సులో కూడా ప్రార్థన కొనసాగిస్తూ, ఎక్స్ఛేంజి మెట్లెక్కేదాకా నోరు తెరవకూడదనుకున్నాను. కండక్టరు "యాడికమ్మా?" అన్నాడు. చేత్తో చూపించాను. అతడు కొత్తవాడు. నన్నొకసారి పరికించి, గొంతు తగ్గించి, ముందు సీట్లో కూర్చున్న ఒకాయనను లేపి నన్ను కూర్చోబెట్టాడు. వారం రోజులు అదే మర్యాద. దిగేటప్పుడు చేత్తో "దిగు, పదిలం" అని సైగ చేసేవాడు. నేనూ దండం పెట్టేదాన్ని.

ఎనిమిదో రోజు బస్సు గుంతలో పడి నా టిఫిను డబ్బా ఎగిరిపోయింది. "అయ్యో, నా చిత్రాన్నం!" అని అరిచాను.

కండక్టరు గంట కొట్టి బస్సు ఆపేశాడు.

"మాటలొచ్చినాయా తల్లీ!" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు. "ఏ సామికి మొక్కుకుంటివమ్మా?"

బస్సంతా నావైపు తిరిగింది. వెనకనుంచి ఒక ముసలామె చేతులు జోడించింది. ఆ సమయంలో యేసు ప్రభువు పేరు చెప్పి ఉంటే బస్సులో సగం మంది ఆ ఆదివారం మా గుడికి వచ్చి ఉండేవాళ్ళేమో. కానీ అది అబద్ధం మీద కట్టిన సాక్ష్యం. నాకు ముందు నుంచీ మాటలున్నాయని చెప్పాను. కండక్టరు నా ముఖం చూసి, సీట్లోంచి లేపిన ఆయన ముఖం చూసి, మళ్ళీ గంట కొట్టాడు. ఆ తర్వాత నేను నిలబడే ప్రయాణం చేశాను.

ఇదంతా చెబితే అక్క బోర్డు మీద తల పెట్టి నవ్వింది. అక్కది వ్యాపారుల కుటుంబం, శనివారాలు ఒంటిపూట తినేది, తిరుమల కొండవైపు తిరిగి దండం పెట్టుకొని గానీ హెడ్‌సెట్ తగిలించుకునేది కాదు. ఆ దండం ఎంతసేపని నేనొకసారి గడియారం చూశాను. అర నిమిషం. కానీ ఆ అర నిమిషంలో పక్కన రేకు మూత పడినా, సూపర్‌వైజరు పిలిచినా ఆమె కదలదు. పందొమ్మిదేళ్ళుగా ఒక్కరోజు మానలేదట.

"నీకు గంట ఎందుకు పాపా?" అంది. "బెల్లం మండీ ఆయప్పను సూడు. పొద్దున్నే అరిసి బుక్ చేస్తాడు. చేసి కాఫీ తాగను పోతాడు. మద్రాసు లైను దొరికి మనం పిలిస్తే మనిషి ఉండడు. కాల్ పోయె. నువ్వు చేసేదీ అదే. బుక్ చేసి నిద్రపోతా ఉండావు. ఆడ లైను దొరికినప్పుడు ఈడ మనిషి ఉండాల గదా?"

"మరి ఎంతసేపు ఉండాలక్కా?"

"మూడు నిమిషాలు ఉండి సూడు. ఇంకొకరి మాట ఇనకుండా, తిండి సంగతి తలచకుండా. అది కుదిరితే పొడిగిద్దువు." ఒక తీగ సర్దింది. "ఇంకోటి. మీ నాయన మాదిరి అందరినీ కలిపి అడగొద్దు. పీపీ కాల్ చెయ్యి."

పీపీ కాల్ సంగతి చెప్పాలి. మామూలు కాల్ అంటే నంబరుకు చేసేది, అవతల ఎవరు ఎత్తినా కాల్ అయినట్టే. పీపీ అంటే ఫలానా మనిషికి. చీటీ మీద ఊరు, నంబరుతో పాటు మనిషి పేరు రాయాలి. ఆ మనిషే ఫోను దగ్గరికి వస్తే కాల్. రాకపోతే లేదు. దానికి ఒక స్పష్టత ఉంది. ఎవరితో మాట్లాడాలో, ఎందుకో తెలియకుండా పీపీ బుక్ చేయలేం. ఏ కాలైనా ఆర్డినరీ అయితే వరసలో కలిపేవాళ్ళం, అర్జెంట్ అయితే ఎక్కువ డబ్బు తీసుకొని ముందుగా.

మర్నాటి నుంచి నేను ఆ పని మొదలుపెట్టాను. పొద్దున ఆరూ నలభై నుంచి ఏడు దాకా మా బోర్డు ఖాళీగా ఉండేది. అక్క నా వైపు మూతలు కూడా చూసుకునేది. నేను ఒక ట్రంకు చీటీ తీసుకొని పద్ధతిగా నింపేదాన్ని. ఎక్కడికి: పరలోకం. రకం: పీపీ. మనిషి: ప్రభువు. విషయం: మేనత్త కుడి మోకాలు. ఆర్డినరీ. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, సంతకం. గడియారం చూస్తూ మూడు నిమిషాలు కూర్చునేదాన్ని. మొదటి రోజు నలభై సెకన్లకే చిత్రాన్నం గుర్తొచ్చింది. పదో రోజుకు మూడు నిమిషాలు నిండాయి. నిండినప్పుడు నాలో కలిగిన సంతోషం చెప్పలేను. అంత సంతోషంలోనే షావుకారు నంబరు తిరిగి చదివి ఆమేన్ అన్నది.

రెండూ కలిసిపోయాయి, ఏం చేయను? ఇంట్లో కుటుంబ ప్రార్థనలో నాయన, "పాపా, నువ్వు ముగించు" అంటే, కళ్ళు మూసుకొనే, "మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?" అన్నాను. నాయన ఒక కన్ను తెరిచి చూశాడు. "వద్దులే, ఆకలేస్తా ఉండాది" అన్నాడు.

నా అసలు తప్పు పద్ధతిగా రాయడమే. ప్రార్థన చీటీలు ట్రే కింద దాచేదాన్ని. ఒక శనివారం డ్యూటీ దిగేటప్పుడు, సమయాల వరసలో చీటీలు సర్ది దారంతో కట్టే నా చెయ్యి, వాటిని కూడా వాటి సమయాల ప్రకారం ఎక్కడివక్కడ చేర్చేసింది. ఆరూ నలభై అయిదు తర్వాత ఆరూ నలభై ఎనిమిది. ఒక్కటి కూడా వరస తప్పలేదు. కట్ట సూపర్‌వైజరు బల్ల మీదికి పోయింది.

సూపర్‌వైజరు తిరుపతి మనిషి. ఎర్ర సిరా కలం జేబులో పెట్టుకొని తిరిగేవాడు. ఒంటిమీద చొక్కా నలిగేది కాదు, ముఖం విచ్చుకునేది కాదు. ఒక నిమిషం ఆలస్యమైతే గడియారాన్నీ మనల్నీ మార్చి మార్చి చూసేవాడు. నోటితో తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చూపు పడలేక ఆ వారమే నేనొక చీటీ రాశాను. అదీ ఆ కట్టలోనే ఉంది.

సోమవారం పదకొండింటికి పిలిచాడు. అక్క కూడా నా వెనకే వచ్చింది. బల్ల మీద అయిదు చీటీలు విడిగా పేర్చి ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు, "ఇరవై రెండేండ్లుగా ఈ శాఖలో ఉండాను. ఈ పరలోకం ఏ డివిజన్లో ఉండాదో నాకు తెలీలేదు. నీకు లైను యాడినుంచి ఇచ్చినారు?"



ఆయన చదవసాగాడు. "ఐరాల మేనత్త కుడి మోకాలు. ఆర్డినరీ. సరే. షావుకారు గొంతు తగ్గుట. ఆర్డినరీ. ఇది నేనూ అడగొచ్చు. నాయన దగ్గు. ఆపరేటరుకు నిద్ర తగ్గుట, అర్జెంట్." అయిదో చీటీ తీసి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "సూపర్‌వైజరు గారికి బదిలీ. ఎంత దూరమైతే అంత మంచిది. ఆర్డినరీ."

ఆయన వెనక గోడ మీద సున్నం పెచ్చు ఒకటి ఊడి ఉంది. దాని ఆకారం నాకిప్పటికీ గుర్తుంది. నా పర్మనెంటు, నాయన మందులు, అన్నీ ఆ పెచ్చులో కనబడ్డాయి.

"నేనే రాసినాను సార్," అంది అక్క. "ఊరకే, ఆటకు."

"నువ్వా? మీ సామి కొండమీద గదా ఉండేది? ఈడ పరలోకమని ఉండాదే."

"యాడుంటే ఏముంది సార్..."

"గమ్మునుండమ్మా నువ్వు."

అక్క నా చెయ్యి గిల్లింది. నోరు తెరవొద్దని. అక్క పర్మనెంటు, ఆమెకు ఒక మెమోతో పోతుంది. ఆ దారిలో పోవచ్చు. నిజం చెప్పాలంటే సగం దూరం పోయాను కూడా. కానీ పొద్దున ఆరూ నలభై అయిదుకు మూడు నిమిషాలు ఒకరి ముందు కూర్చొని, అదే రోజు పదకొండింటికి ఇంకొకరి ముందు అబద్ధమాడితే, పొద్దున కూర్చున్నది ఎవరు? పీపీ కాల్‌లో మనిషి మారితే చెల్లదు.

"నేనే రాసినాను సార్," అన్నాను. "అయిదూ నావే."

ఆయన చాలాసేపు చూశాడు. ఈసారి గడియారం వైపు చూడలేదు.

"రాసినావు సరే. ప్రార్థన కూడా చేసినావా?"

"ఇది మాత్రం చేయలేదు సార్."

"ఎందుకు?"

"మొదలుపెట్టినాను. లైను దొరకలేదు."

అక్క ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. సూపర్‌వైజరు ముఖం మొట్టమొదటిసారి కదిలింది. ముందు మీసం, ఆ తర్వాత బుగ్గలు. అప్పుడాయన జేబులోంచి ఎర్ర కలం తీశాడు. చీటీ మీద ఆర్డినరీ అన్న మాట కొట్టేసి, పైన అర్జెంట్ అని రాసి, పొట్టి సంతకం పెట్టాడు.

"మూడేండ్లుగా తిరుపతికి బదిలీ కావాలని అర్జీ పెట్టుకుంటా ఉండాను," అన్నాడు. "పెండ్లాం బిడ్డలు ఆడ, నేనీడ. హోటలు సాంబారు తాగి తాగి ముఖం ఇట్లయిపోయింది. మీరంతా అది నా స్వభావమనుకుంటా ఉండారు." చీటీ నాకిచ్చాడు. "మీ దేవుడికి నేను కొత్త. నువ్వే అడుగు. కానీ డ్యూటీ చీటీల మీద వద్దు." బీరువాలోంచి ఒక పాత కట్ట తీసిచ్చాడు. ఫారం మారినందువల్ల పనికిరాకుండా పోయిన చీటీలవి, పసుపు రంగువి.

బయటికొచ్చాక అక్కా నేనూ నీళ్ళ కుండ దగ్గర కూర్చొని కడుపు పట్టుకొని నవ్వాం. నవ్వుతూనే అక్క నన్నొక దెబ్బ వేసింది. "ఉద్యోగం పోయుంటే?" అంది.

రెండు నెలలకు నేను పర్మనెంటయ్యాను. అదే నెలలో సూపర్‌వైజరుకు బదిలీ ఆర్డరు వచ్చింది. సూళ్లూరుపేటకు.

చేరిన మూడో రోజు ఆయన అక్కడినుంచి ట్రంకు కాల్ చేశాడు. పీపీ, నా పేరు మీద.

"ఏమమ్మా, ఎంత దూరమైతే అంత మంచిదని రాస్తివి. అట్లనే అయింది. తిరుపతి దాటుకోని వచ్చినాను, బస్సు కిటికీలోంచి మా ఇంటి వీధి మొగదల సూసినాను. ఊరు పేరు సరిగ్గా రాయకుంటే తప్పెవురిది? బుక్ చేసేవాళ్ళదా, కలిపేవాళ్ళదా?"

"బుక్ చేసేవాళ్ళదే సార్."

"అయితే మళ్ళా రాయి. తిరుపతి అని రాయి. గుండ్రంగా, కనపడేమాదిరి."

రాశాను. పద్నాలుగు నెలలు రాశాను. ఆయన తిరుపతికి వచ్చాడు. అది నా ప్రార్థన వల్లనేనని నేననను. అర్జీ కూడా నడుస్తూనే ఉంది. కానీ పద్నాలుగు నెలల పాటు రోజూ మూడు నిమిషాలు, నాకు గిట్టని ఒక మనిషి ఇంటి వీధిని తలచుకొని కూర్చున్నాను. ఆ మనిషి గిట్టకపోవడం ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియలేదు.

నలభయ్యో రోజు సాక్ష్యం సంగతి మీకు చెప్పడం మరిచాను. గంట చేస్తానని మొక్కుకొని, మూడు నిమిషాలే చేస్తున్నానని లేచి చెప్పాను. గుళ్ళో నవ్వారు. పాస్టరుగారు దగ్గారు. బయట మెట్ల మీద నాయన చెప్పులు వేసుకుంటూ, "మూడు నిమిషాల్లో నా దగ్గు యాడ పడుతుంది?" అని అడిగాడు.

"నీకు వేరే చీటీ నాయనా."

"అట్లనా," అన్నాడు. అక్కడినుంచి ఇల్లు చేరేదాకా దారిలో కలిసినవాళ్ళందరికీ చెప్పాడు, "మా పాప మూడు నిమిషాలు" అని. గంట గురించి చెప్పినప్పటి గొంతుతోనే.

యువతీయువకులు క్రమశిక్షణ గురించి నన్ను అడుగుతుంటారు. నా దగ్గర పెద్ద ఉపదేశం లేదు. ఊరు, మనిషి, విషయం స్పష్టంగా రాసుకోండి. లైను దొరికే వేళకు అక్కడ ఉండండి. గంట సంగతి తర్వాత. నాకది ఇప్పటికీ గంట కాలేదు. చాలా రోజులు పదకొండు నిమిషాల దగ్గర ఆగుతుంది.

గత నెల అక్క పోయిందని తెలిసిన రోజు పసుపు కట్ట తీశాను. దారం పుచ్చిపోయింది. మనిషి అన్నచోట అక్క పేరు రాశాను. విషయం అన్నచోట, కృతజ్ఞత. ఊరు అన్నచోటికి వచ్చేసరికి కలం ఆగింది. ఆమె కొండ పేరు రాయాలా, నా పరలోకం రాయాలా? ఊరు లేకుండా కాల్ ఎట్ల బుక్ చేస్తావు పాపా అని ఆమె తిడుతుందని తెలుసు. తెలిసినా ఖాళీగానే వదిలేశాను. సమయం వేసి, మూడు నిమిషాలు కూర్చొని, పొడిగించుకున్నాను.

కట్టలో ఇంకా పదకొండు చీటీలున్నాయి. ట్రంకు చీటీలు ఇప్పుడు అచ్చు వేయడం లేదు.